తప్పుకున్నవాళ్ల పేర్లు రాసుకున్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయారన్న కబురు ఫోన్లో వచ్చింది. ఎచ్చెర్లలో యూనివర్సిటీ దగ్గరున్న నా డీటీపీ షాపులో కూర్చుని, ఎవరిదో థీసిస్‌కి పేజీ నెంబర్లు వేస్తున్నాను. ఊరి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "టీచరమ్మ పోనారే. నిద్దర్లోనే పోనారు. పొద్దున్న పాలామి సూసింది" అన్నాడు. గొంతు తగ్గించాడు. "పెద్దలొచ్చి ఆల వాకిట్లో కూకున్నారు. నువ్వు బేగి రా."

మొదటి మాటకి ఏడుపు వచ్చింది. రెండో మాటకి ఆ ఏడుపు ఆగిపోయింది.

నేను బస్సు దిగి వెళ్లేసరికి ఆవిడ చెల్లెలి కొడుకు విజయనగరం నుంచి ఇంకా రాలేదు. పాస్టరుగారూ రాలేదు. ఊరి పెద్దలు అయిదుగురు మాత్రం కుర్చీలు వేయించుకుని గుమ్మానికి అటూ ఇటూ కూర్చున్నారు. పెట్టె ఎక్కడ చేయించాలో, ఏ వేళకి తీయాలో, ఎవరు మాట్లాడాలో అప్పటికే అనుకున్నారు. వాళ్ల మధ్య నుంచి లోపలికి వెళ్లాను. మంచం మీద ఆవిడ కనుబొమలు కొంచెం ముడిపడే ఉన్నాయి. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు అలాగే ఉండేవి.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలియడానికి కారణం కూడా లేదు. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. దాదాపు అందరూ వేట మీద బతికేవాళ్లమే. ఊరి చివర పది పన్నెండు ఇళ్లు బాప్టిస్టు మిషనువాళ్లవి. అందులో ఒక ఇల్లు టీచరమ్మది. పెళ్లి చేసుకోలేదు. మిషను హైస్కూల్లో ముప్ఫై ఏళ్లు సోషల్ చెప్పారు. నల్ల గొడుగు ఎండకీ వానకీ చేతిలో ఉండేది. పేపరు చదివితే వెనక పేజీ నుంచి మొదలుపెట్టేవారు. "ముందు పేజీ ఆలు మనకి సెప్పాలనుకున్నాది. ఎనక పేజీలో జరిగినాది ఉంటాది" అనేవారు. పాఠం మాత్రం పుస్తకం భాషలో చెప్పేవారు. కోపం వస్తే, ప్రేమ వచ్చినా అంతే, మా ఊరి మాట దొర్లేది.

నేను ఏడో తరగతిలో ఉండగా క్లాస్ లీడర్ని ఎన్నుకోమన్నారు. అందరూ నా పేరు చెప్పారు. నేను లేచి నిలబడి నవ్వుతున్నాను. ఆవిడ బోర్డు మీద నా పేరు రాసి, దాని కింద గీత గీసి, "ఇంకో పేరు?" అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. "అయితే లీడరు లేదు. కూకో" అన్నారు. వారం రోజులు మా తరగతికి లీడరే లేదు. సుద్దముక్కలు తెచ్చేవాళ్లు లేక బోర్డు ఖాళీగా ఉండేది. ఆఖరికి వెనక బెంచీ అమ్మాయి ఒకతె లేచి నేనుంటానంది. ఓట్లు పెట్టారు. నేను ఓడిపోయాను. ఇంటికెళ్లి అన్నం మానేసి ఏడుస్తుంటే, సాయంత్రం మా ఇంటికి వచ్చి అమ్మ ముందే అన్నారు. "ఒక్క పేరే ఉంటే అది ఎన్నిక కాదే, హాజరు. ఈ రోజు నువ్వు ఎన్నికలో నిలబడ్డావు. లే, అన్నం తిను."

ఆ పట్టుదల ఆవిడకి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్ల తరవాత తెలిసింది.

ఇరవై రెండేళ్ల వయసులో మిషనువాళ్లు ఆవిడని ఈశాన్యంలో ఒక చిన్న కొండ రాష్ట్రానికి పంపారు. అక్కడి బడిలో మూడేళ్లు పనిచేశారు. రాష్ట్రం ఎంత చిన్నదంటే ఢిల్లీలో రాజ్యసభకి దాని నుంచి వెళ్లేది ఒక్కరే. ఆరేళ్లకోసారి ఎమ్మెల్యేలు ఓట్లేసి ఆ ఒక్క మనిషిని పంపాలి. ఆ ఏడు ఆ సీటుకి ఇద్దరు నామినేషన్ వేశారు. ఒకరు పెద్ద పలుకుబడి ఉన్నాయన. రెండో ఆయన ఆవిడ బడి హెడ్మాస్టరు. కొందరు ఎమ్మెల్యేలు ఆయన శిష్యులు, వాళ్లే నిలబడమన్నారట. బడి అంతా పండగలా ఉందట. ఉపసంహరణకి చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల వరకూ గడువు. రెండున్నరకి హెడ్మాస్టరు వెళ్లి తన పేరు వెనక్కి తీసుకున్నారు. ఆ పలుకుబడి ఉన్నాయన ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు ప్రకటించారు. మర్నాడు పొద్దున్న హెడ్మాస్టరు ఎప్పటిలాగే ప్రార్థనకి వచ్చి, ఎప్పటిలాగే లెక్కలు చెప్పారు.

"ఏటైనాదని ఎవులూ అడగలేదు. నానూ అడగలేదు" అన్నారు టీచరమ్మ ఈ సంగతి చెప్పినప్పుడు. "మూడేళ్లు ఆయన పక్క గదిలో పాటం సెప్పాను. ఒక్కసారి అడగలేకపోనాను."

ఆ అడగలేకపోవడమే ఆవిడ చేత రిటైరయ్యాక పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టించింది. విషయం, ఆ రాష్ట్రం నుంచి రాజ్యసభకి జరిగిన ఎన్నికల చరిత్ర. అరవై దాటిన మనిషి, శ్రీకాకుళం జిల్లాలో కూర్చుని, ఎక్కడో కొండల మీది ఒక్క కుర్చీ గురించి పరిశోధన చేస్తానంటే నవ్వినవాళ్లు నవ్వారు. ఆవిడ తెలుగులోనే రాస్తానన్నారు. టైపు చేసే పని నాకు ఇచ్చారు. అలా మళ్లీ ఆవిడ దగ్గర చేరాను.

వారానికి రెండుసార్లు పదకొండింటి బస్సులో షాపుకి వచ్చేవారు. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాను కట్టించేవారు. చెమటలు కారుతుంటే పవిటతో ముఖమూ, అదే పవిటతో కళ్లద్దాలూ తుడుచుకునేవారు. పేపర్లో చుట్టి ఎండు నెత్తళ్లు తెచ్చి నా బల్ల కింద పెట్టేవారు. థీసిస్‌లు తెచ్చే పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఆవిడ తెచ్చే నోటుపుస్తకాల్లో ప్రతి ఎన్నికకీ ఒక పేజీ. ఎవరు నామినేషన్ వేశారు, ఎవరు ప్రతిపాదించారు, ఎవరు ఎప్పుడు తప్పుకున్నారు. గెలిచినవాళ్ల పేర్లు నీలం సిరాతో ఉండేవి. తప్పుకున్నవాళ్లవి ఎర్రసిరాతో. పేజీలు తిప్పుతుంటే కొన్నిచోట్ల నీలం కన్నా ఎరుపే ఎక్కువ కనపడేది.

"గెలిసినోడి పేరు గోడ మీద సెక్కుతారు. తప్పుకున్నోడి పేరు ఎక్కడుంటాదే?" అనేవారు. "నానైనా రాసుకుంతాను."

పాత గెజెట్లు తెప్పించారు. ఉత్తరాలు రాశారు. తప్పుకున్నవాళ్లలో బతికి ఉన్న ఒక పెద్దాయన ఫోన్ నెంబరు ఎలాగో సంపాదించారు. ఒకరోజు నా షాపులోంచే స్పీకరు పెట్టి మాట్లాడారు. తనెవరో, ఎక్కడ పనిచేశారో చక్కటి ఇంగ్లీషులో చెప్పుకొచ్చి, చివరికి ఆ ప్రశ్న అడిగారు. మీరెందుకు తప్పుకున్నారండీ? ఆయన, మీ వైపు వానలు పడుతున్నాయా అని అడిగారు. జవాబు వినకుండానే ఫోన్ పెట్టేశారు.

"పిరికోడు" అన్నారు టీచరమ్మ. ఆ కోపంతోనే ఆరో అధ్యాయం రాశారు. ఉపసంహరణల మీద. కొందరు భయపడి తప్పుకున్నారు, కొందరు ఆశపడి తప్పుకున్నారు, ఎవరైనా నిలబడి ఉంటే ఆ కుర్చీ చరిత్రే వేరుగా ఉండేది అని. నేనే టైపు చేశాను. నాకు చాలా బాగా నచ్చింది.

ఆ అధ్యాయం పూర్తయిన నెలలోనే పోయినసారి పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా ఊరి సర్పంచి పదవి ఆడవాళ్లకి వచ్చింది. పెద్దలు కమ్యూనిటీ హాల్లో కూర్చుని ఒకాయన కోడలి పేరు అనుకున్నారు. సాయంత్రం మైకులో చెప్పేశారు. మర్నాడు టీచరమ్మ పదకొండింటి బస్సుకి కాకుండా మొదటి బస్సుకే షాపుకి వచ్చారు. చేతిలో నామినేషన్ ఫారం.

"ఆ పిల్ల మంచిదే" అన్నారు. "గెలుస్తాది కూడా. గెలవనీ. రెండో పేరు ఉండాల, అంతే. ప్రతిపాదించడానికి ఊళ్లో ఓటున్నోల సంతకం గావాల. నువ్వెడతావా?"

పెట్టాను. ఆ సంతకం పెడుతున్నప్పుడు ఏడో తరగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది కూడా. ఫారం తీసుకున్న అధికారి ఆవిడ ముఖం వైపు రెండుసార్లు చూసి, "మరోసారి ఆలోచించుకుంటారా మేడమ్?" అన్నాడు. "ఆలోసించుకునే వొచ్చేను బాబూ" అన్నారు.

ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది మీరు నమ్మాలి. ఎవరూ అరవలేదు, తలుపు తన్నలేదు. ఆ సాయంత్రం నుంచి మా ఇంటి ముందు నుంచి వెళ్లేవాళ్లు మాట్లాడుకుంటూ వచ్చి, మా గుమ్మం దగ్గర ఆగిపోయి, దాటాక మళ్లీ మొదలుపెట్టేవారు. మా ఆయనతో వేటకి వెళ్లే ముగ్గురూ మర్నాడు రాలేదు. ఒకడికి జ్వరం, ఒకడికి చుట్టాలు, ఒకడికి ఏమీ లేదు. మా ఆయన ఒక్కడే పడవ వేసుకుని వెళ్లి వచ్చాడు. ఒడ్డున వేలం పాట దగ్గర మా చేపలకి ఎవరూ నోరు తెరవలేదు. ఎండలో గుట్టగా అలాగే ఉండిపోయాయి.

ఆ రోజే పెద్దల్లో ఒకాయన నా షాపుకి వచ్చాడు. నాకు వరసకి మావ. నా పెళ్లిలో పందిరి రాట దగ్గరుండి వేయించిన మనిషి. బెంచీ మీద కూర్చుని, నీళ్లు అడిగి తాగి, చొక్కా జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. "జిరాక్సు తియ్యమ్మా."

విప్పి చూస్తే రెండువైపులా ఏమీ లేదు. "ఇది కాళీ కాయితం మావా" అన్నాను.

"తెలుసమ్మా. తియ్యి."

తీశాను. యంత్రంలోంచి తెల్లకాగితం మీద తెల్లకాగితం వచ్చింది. ఆయన రెండూ కలిపి మడత పెట్టుకుని, చిల్లర ఇచ్చి వెళ్లిపోయాడు.

రెండో రోజూ వచ్చాడు. అదే కాగితం. ఈసారి నేనేమీ అడగలేదు. నేను రెండుసార్లు తప్పు బటన్ నొక్కడం ఆయన చూశాడు. "పిల్లా, నీరసంగున్నావు. ఏటైనా తిన్నావా?" అన్నాడు. ఆ మాటలో నిజంగానే ఆదరం ఉంది. ఇప్పటికీ నన్ను భయపెట్టేది అదే.

మూడో రోజు, ఉపసంహరణకి చివరి రోజు, పన్నెండింటికి వచ్చాడు. ఈసారి కాగితం మీద అచ్చు ఉంది. అది నామినేషన్ ఉపసంహరణ ఫారం.

"ఎన్ని కాపీలు మావా?"

"ఒక్కటే సాలమ్మా. మూడు గంటల్లోగా."

షాపు మూసి ఆటోలో ఊరికి వెళ్లాను. టీచరమ్మ కిటికీ దగ్గర కూర్చుని నోటుపుస్తకం చూసుకుంటున్నారు. ఫారం బల్ల మీద పెట్టాను. నేనేమీ అనలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. అన్నాను. "మా ఆయన ఒక్కడే ఏటకెల్తన్నాడు టీచరమ్మా."

ఆవిడ కళ్లద్దాలు తీశారు. "ఒక్కడేనా?"

"ఒక్కడే. ఈ రోజు గాలి కూడా బాగునేదు. ఇంకా రాలేదు."

తుడుచుకోకుండానే కళ్లద్దాలు పెట్టుకుని సంతకం చేశారు. "పద" అన్నారు. దారిలో కిరాణా కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు మమ్మల్ని చూసి దారి ఇచ్చారు. మేము ఆఫీసు గది మెట్లెక్కేసరికి రెండూ నలభై. నాలుగింటికి ఊళ్లో బాణసంచా పేలింది. మా ఆయన క్షేమంగా ఒడ్డుకి వచ్చాడు. మర్నాడు తెల్లవారేసరికి మానేసిన ముగ్గురు కళాసీలూ ఏమీ జరగనట్టు వచ్చి వల భుజానికెత్తుకున్నారు. పెద్దలు టీచరమ్మ ఇంటికి లడ్డూలు పంపారు. ఆవిడ అమ్ముడుపోయిందని ఊళ్లో కొందరు అన్నారు. ఆవిడ వినే ఉంటారు. ఎవరికీ జవాబు చెప్పలేదు. నేను కూడా నోరు తెరిచి, కాదు, నా కోసం తప్పుకున్నారు అని ఎక్కడా చెప్పలేదు. ఇవాళే చెబుతున్నాను.

మూడు వారాలు షాపుకి రాలేదు. వచ్చినరోజు ఫ్యాను కట్టమని కూడా అడగలేదు. "ఆరో అద్యాయం తియ్యి" అన్నారు.

తీశాను. "బయపడి అని ఎక్కడెక్కడున్నాదో సూడు. కొట్టెయ్యి. ఆశపడి అని ఉంటే అదీ కొట్టెయ్యి."

"మరేటి రాయమంటారు టీచరమ్మా?"

"కారణం సెప్పలేదు అని రాయి. నాకు తెలిసినాది అంతే."

ఒక్కొక్కటీ వెతికి, కొట్టేసి, ఆ రెండు మాటలూ పెట్టాను. వెళ్లేముందు నా దగ్గర ఒక కార్డు తీసుకుని, ఆ కొండ రాష్ట్రం పెద్దాయనకి ఒకే ఒక వాక్యం రాశారు. నేనే పోస్టు చేశాను కాబట్టి చదివాను. మా వైపు కూడా వానలు పడుతున్నాయండీ అని ఉంది. దానికి జవాబు రాలేదు.

థీసిస్ మౌఖిక పరీక్షకి వచ్చిన ప్రొఫెసరుగారు, తప్పుకోవడానికి కారణాలు విశ్లేషించకపోవడం ఈ పరిశోధనలో పెద్ద లోటమ్మా అన్నారట. అవునండీ లోటే అన్నారట ఈవిడ. డాక్టరేటు వచ్చింది. పేరుకి ముందు ఎప్పుడూ రాసుకోలేదు.

ఆ తరవాత నాలుగేళ్లు మా మధ్య ఆ రోజు గురించి మాటే లేదు. క్షమించమని అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఒక్కసారి మాత్రం, షాపు ముందు బస్సు కోసం నిలబడి, గొడుగు తెరుస్తూ, నా వైపు చూడకుండానే అన్నారు. "నువ్వు సంతకం ఎట్టబట్టే కదే, మూడు రోజులైనా రెండో పేరున్నాది. అది మర్సిపోకు." బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయారు. ఆ ఫారం తెచ్చి బల్ల మీద పెట్టిన నా రెండో పని గురించి ఒక్క మాట లేదు.

ఇక ఆవిడ పోయిన రోజు సంగతి. మళ్లీ పంచాయతీ ఎన్నికలు దగ్గరపడ్డాయని ఊళ్లో అందరికీ తెలుసు. మధ్యాహ్నం ఆ మావ నన్ను వాకిట్లోకి పిలిచాడు. దారిలో పెద్ద ఫ్లెక్సీ కట్టాలి, డిజైను నువ్వే చెయ్యాలి అన్నాడు. రాయవలసింది కాగితం మీద రాసి తెచ్చాడు. ఊరి మాట కోసం పోటీ నుంచి తప్పుకుని ఐక్యతకు దారి చూపిన త్యాగమూర్తికి జోహార్లు. రాబోయే ఎన్నికల్లో ఎవరూ ఇంకో పేరు తలవకుండా ఆవిడనే కాపలా పెడుతున్నారని నాకు అర్థమైంది.

లోపలికి వెళ్లి ఆవిడ కుర్చీలో కూర్చుని, లాప్‌టాప్‌లో ఫ్లెక్సీ చేశాను. ఆవిడ ఫోటో పెట్టాను. పుట్టిన రోజు, పోయిన రోజు పెట్టాను. కింద, సోషల్ టీచరు అని పెట్టాను. తెచ్చి చూపించాను.

చాలాసేపు చూశాడు. "మిగతాది?"

"అంతే పట్టింది మావా."

"ఇంకా సోటున్నాదమ్మా."

"నేదు మావా."

మిగతా నలుగురూ మా వైపే చూస్తున్నారు. ఆయన మెల్లగా తలూపాడు. లాప్‌టాప్ నా చేతికి తిరిగి ఇస్తూ, "సరే. నీ ఇష్టం" అన్నాడు. తరవాత చిన్నగా, ఎంతో మామూలుగా అడిగాడు. "మీ ఆయన బాగున్నాడా?"

"బాగున్నాడు మావా" అన్నాను.

సరుగుడు తోటల పక్కన మిషను సమాధుల్లో ఆవిడని పెట్టారు. పాస్టరుగారి ప్రార్థన సగంలో గాలి మారింది. తుపాను తీరం వైపు వస్తోందని, ఎవరూ వేటకి వెళ్లొద్దని, పడవలు పైకి లాగేసుకోవాలని మైకులో చెబుతున్నారు. ఆఖరి పిడికెడు మట్టి వేసి అందరూ ఒడ్డుకి పరిగెత్తారు. నేను వెనక వెళ్లాను. సముద్రం బూడిదరంగులో, ఎక్కడా నురగ లేకుండా పొంగి ఉంది. ఊరు ఊరంతా, పెద్దలూ కుర్రాళ్లూ ఆడవాళ్లూ, ఒకే మోకు పట్టుకుని పడవల్ని ఒక్కొక్కటిగా ఇసుక మీదికి లాగుతున్నారు. ఎవరో ఒకరు కేక అందిస్తే వందమంది ఒక్క గొంతుతో అందుకుంటున్నారు. ఇప్పుడు మా పడవ వంతు. మా ఆయన అందరికన్నా ముందున్నాడు. వరస చివర ఎవరో కొంచెం జరిగి నాకు చోటు ఇచ్చారు. చెప్పులు విప్పి మోకు పట్టుకున్నాను. అది నీళ్లు పీల్చి బరువుగా, చల్లగా ఉంది. మళ్లీ కేక లేచింది. నేను గొంతు కలపలేదు. కానీ ఉన్న బలమంతా పెట్టి లాగాను. పడవ ఒక్క అడుగు కదిలింది. అది వదిలిన గాడిలోకి వెంటనే నీళ్లు వచ్చి నిండాయి.